నీళ్లే కదా అనుకున్నా!

నేను కాచిన మొదటి బీరు ఒక గుక్క తాగి మా రూమ్మేట్ అన్నమాట ఇది: "బాగానే ఉంది మామా... ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

ఎవరికీ తగల్లేదు. కానీ వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే అంటించే ప్లాస్టర్ ఉంటుంది చూడండి, అచ్చం ఆ వాసన. మూడు వారాలు ఎదురుచూసి, నలుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి, వాళ్లచేత ప్లాస్టర్ నీళ్లు తాగించానన్నమాట.

కథలోకి వెళ్లేముందు ఒక విషయం. నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం చట్టబద్ధమే. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే ఎక్సైజ్ కేసు. కాబట్టి ఇది చదివి హైదరాబాద్‌లో ఎవరూ స్టవ్వు మీద గిన్నె పెట్టకండి. మా అమ్మకైతే చట్టాలతో పనిలేదు. వీడియో కాల్‌లో వెనకాల పెద్ద గిన్నె కనిపించగానే "సారా కాస్తున్నావారా?" అంది. "కాదమ్మా, బార్లీ" అన్నా. జ్వరమొచ్చిందేమో అనుకుని వదిలేసింది.

అసలు ఈ వారం చెప్పాలనుకున్నది బీరు గురించి కాదు. నీళ్ల గురించి.

మూడుసార్లు ఫెయిల్

మొదటిసారి పాడైనప్పుడు తప్పు శుభ్రతదే అనుకున్నా. రెండోసారి ప్రతి గిన్నె, ప్రతి గొట్టం, ప్రతి మూత శానిటైజర్‌లో ముంచి తీశా. మూడు వారాలు ఆగి మూత తీస్తే మళ్లీ ప్లాస్టర్.

ఈసారి తప్పు ఈస్ట్‌ది అనుకున్నా. కొన్నిరకాల ఈస్ట్ వేడి ఎక్కువైతే లవంగంలాంటి వాసన ఇస్తుంది, మరీ ఎక్కువైతే మందుల వాసన వస్తుంది. మూడోసారి వేరే ఈస్ట్ కొన్నా. ఏసీ ఉన్న గదిలో పెట్టా. రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూసి ఎక్సెల్‌లో రాసుకున్నా. గ్రాఫ్ కూడా గీశా. గ్రాఫ్ బ్రహ్మాండంగా వచ్చింది. బీరు మాత్రం ప్లాస్టరే.

నా ఉద్యోగమే బగ్గులు వెతకడం. మూడు బ్యాచుల్లో అన్నీ మార్చినా మార్చనిది ఒక్కటే ఉంది, నీళ్లు. బీరులో తొంభై శాతానికి పైగా ఉండేది అవే. అయినా వాటిమీద అనుమానం రాలేదు. ఎందుకంటే చూడ్డానికి తేటగా ఉన్నాయి. రోజూ అవే తాగుతున్నాం. పైగా ఎందుకైనా మంచిదని ముందురోజు రాత్రే పట్టి, మూత తీసి ఉంచేవాణ్ణి. క్లోరిన్ ఉంటే తెల్లారేసరికి పోతుందని మా చిన్నప్పటినుంచీ వింటున్నదే కదా. స్విమ్మింగ్ పూల్ వాళ్లు వాడే టెస్ట్ కాగితం కూడా ముంచి చూశా. 'ఫ్రీ క్లోరిన్' గడిలో సున్నా.

సున్నా వచ్చాక ఇంకెవరు అనుమానిస్తారు?

ఆ సున్నా వెనకాల

ఇక్కడ ప్రతి ఊరి నీటి సంస్థా ఏటా ఒక రిపోర్టు ఇవ్వాలి. నల్లాలో వచ్చే నీళ్లలో ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో అందులో ఉంటుంది. మాకూ మెయిల్లో వస్తుంది. మిగతా మెయిల్స్‌లాగే దాన్నీ తెరవకుండా పక్కన పడేసేవాణ్ణి. మూడో బ్యాచ్ సింకులో పారబోశాక, ఆ రాత్రి తెరిచి చదివా. క్రిములను చంపడానికి వాళ్లు వాడుతున్నది ఉత్త క్లోరిన్ కాదు. క్లోరమైన్.

అమెరికాలో ఒక ఊరి తాగునీళ్లకు నిరంతరంగా క్లోరిన్ కలపడం 1908లో జెర్సీ సిటీ నీళ్లతో మొదలైంది. టైఫాయిడ్‌లాంటి రోగాలనుంచి దానివల్ల కాపాడబడినవాళ్లకు లెక్కలేదు. కాకపోతే క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది. మైళ్లకొద్దీ పైపుల్లో ప్రయాణం చేసే నీళ్లకు అది చివరిదాకా కాపలా ఉండదు. అందుకని చాలా ఊళ్లలో క్లోరిన్‌తోపాటు కొంచెం అమ్మోనియా కలుపుతారు. అప్పుడు తయారయ్యేదే క్లోరమైన్. ఇది ఓ పట్టాన పోదు. రాత్రంతా మూత తీసి ఉంచినా పోదు, కాసేపు మరిగించినా పూర్తిగా పోదు. అక్వేరియం పెంచేవాళ్లకు దీని సంగతి బాగా తెలుసు, చేపలకు ఇది విషం. మనం తాగడానికి మాత్రం లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని ఇక్కడి నిబంధన.

నా టెస్ట్ కాగితంలో సున్నా ఎందుకొచ్చింది? 'ఫ్రీ క్లోరిన్' గడి విడిగా ఉన్న క్లోరిన్‌నే చూపిస్తుంది. అమ్మోనియాతో జట్టుకట్టిన క్లోరిన్ కనబడాలంటే పక్కనున్న 'టోటల్ క్లోరిన్' గడి చూడాలి. నేను చూడలేదు. మర్నాడు చూస్తే రంగు బాగా తిరిగింది.

బార్లీ పొట్టులో, హాప్స్‌లో ఫినాల్స్ అనే పదార్థాలుంటాయి. ఈస్ట్ కూడా కొన్ని తయారుచేస్తుంది. క్లోరిన్, క్లోరమైన్ వాటితో కలిస్తే క్లోరోఫినాల్స్ పుడతాయి. అదే ఆ ప్లాస్టర్ వాసన. వందకోట్ల పాళ్లలో కొద్దిపాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. నీళ్లుగా తాగేటప్పుడు తెలియనిది బీరు అయ్యాక బయటపడింది.

54 డాలర్ల ఫిల్టర్

బీరు కాచేవాళ్లకోసమని రెడీమేడ్ ఫిల్టర్లు దొరుకుతాయి. ధర చూసి, విడిభాగాలు కొని నేనే బిగించుకుందామనుకున్నా. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివి చేత్తో ఒక్క వస్తువూ చేయలేదన్న బాధ కూడా ఉంది లెండి.

కావలసినవి ఇవి. పది అంగుళాల ఫిల్టర్ హౌసింగ్, అంటే మన దగ్గర ఆర్వో మెషీన్ పక్కన గోడకు వేలాడుతుందే, ఆ ప్లాస్టిక్ గుల్ల: 22 డాలర్లు. అందులో పెట్టే కార్బన్ బ్లాక్, మనం క్యాండిల్ అంటాం: 15. రెండు అడాప్టర్లు, ఒక చిన్న వాల్వు, టెఫ్లాన్ టేపు: 9. తాగునీటికి పనికొచ్చే తెల్ల పైపు: 8. మొత్తం 54 డాలర్లు.

ఆ తెల్ల పైపు దగ్గర పిసినారితనం చేయకండి. మొక్కలకు నీళ్లుపట్టే మామూలు పైపుల్లో కొన్నిటినుంచి సీసం, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు నీళ్లలోకి దిగుతాయి. నీళ్లు శుభ్రం చేసి మళ్లీ ఆ పైపులోంచి పంపితే చేసిందంతా వృథా.

బిగించడం పది నిమిషాల పని అనుకున్నా. శనివారం సాయంత్రమంతా పట్టింది. పెరట్లో నల్లాకు ఉండేది ముప్పావు అంగుళం థ్రెడ్. ఫిల్టర్ హౌసింగ్‌కు ఉండేదీ ముప్పావు అంగుళం థ్రెడ్. రెండూ ఒకటే అనుకుని స్పానర్‌తో బిగించా. ఒకటిన్నర చుట్టు తిరిగి పట్టేసింది. ఇంకొంచెం బలంగా తిప్పా. టప్‌మని ప్లాస్టిక్ మూతి పగిలింది. తర్వాత తెలిసిందేమిటంటే, తోట పైపు థ్రెడ్‌కు అంగుళానికి 11.5 చుట్లు, ప్లంబింగ్ పైపు థ్రెడ్‌కు 14 చుట్లు. సైజు పేరు ఒకటే, చుట్లు వేరు. రెండింటినీ కలపడానికి వేరే అడాప్టర్ ఉంటుంది. ఇంకో హౌసింగ్ కొన్నా. ఆ 22 డాలర్లు పై లెక్కలో కలపలేదు. అది ట్యూషన్ ఫీజు.

ప్లాస్టిక్ థ్రెడ్‌కు టెఫ్లాన్ టేపు మూడు నాలుగు చుట్లు చుట్టి, చేత్తో బిగించాక స్పానర్‌తో కొంచెమే తిప్పాలి. వాల్వును ఫిల్టర్‌కు ముందు, నల్లావైపు పెట్టాలి. అప్పుడు వాల్వు కట్టేస్తే ఫిల్టర్ మీద ఒత్తిడి ఉండదు. కొత్త క్యాండిల్ పెట్టగానే మొదట వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి, అది బొగ్గుపొడి. తేటపడేదాకా మొక్కలకు వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, తొందరపడకూడదు. ఫిల్టర్ అంటే జల్లెడ అనుకుంటాం. కార్బన్ చేసే పని అది కాదు. క్లోరిన్ ఆ బొగ్గు ఒంటిమీద రసాయనచర్య జరిపి మామూలు క్లోరైడ్‌గా మారిపోతుంది. క్లోరిన్‌కు ఇది త్వరగా జరుగుతుంది, క్లోరమైన్‌కు చాలా నెమ్మది. నీళ్లు బొగ్గులో ఎక్కువసేపు ఉండాలి. నేను ఖాళీ గ్యాలన్ పాలడబ్బా పెట్టి, అది నిండడానికి రెండు నిమిషాలు పట్టేలా వాల్వు తిప్పుకున్నా. ఒక బ్యాచ్‌కు ఎనిమిది గ్యాలన్లు, అంటే 30 లీటర్లు కావాలి. పదహారు నిమిషాలు. ఒక పాట, ఒక ఫోన్ కాల్. అంతే.

తర్వాత కాగితం ముంచి చూశా. ఈసారి రెండు గడులూ చూశా. రెండూ సున్నా.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ పనికి ఫిల్టరే అక్కర్లేదు. క్యాంప్డెన్ మాత్ర అని దొరుకుతుంది, అది మెటాబైసల్ఫైట్. ఒక్క మాత్ర 20 గ్యాలన్ల నీళ్లలో క్లోరిన్‌ను, క్లోరమైన్‌ను నిమిషాల్లో తీసేస్తుంది. ఖర్చు కొన్ని సెంట్లు. ఈ సంగతి నాకు హౌసింగ్ రెండోసారి కొన్నాక తెలిసింది. మా రూమ్మేట్‌కు చెప్పొద్దు. సల్ఫైట్ పడనివాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. కాఫీకి, టీకి కూడా పనికొస్తోంది కాబట్టి నా ఫిల్టర్ దండగేం కాలేదు.

ఇంకో జాగ్రత్త. క్లోరిన్ తీసేస్తే కాపలా తీసేసినట్టే. తడి క్యాండిల్‌ను అలాగే వదిలేస్తే అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. బీరు ఎలాగూ గంటసేపు మరుగుతుంది కాబట్టి దానికి భయం లేదు, తాగే నీళ్లకు ఉంది. క్యాండిల్ గడువు దాటకుండా మార్చాలి, వేడినీళ్లు పోయకూడదు.

నాలుగో బ్యాచ్ తాగి రూమ్మేట్ ఏమీ అనలేదు. రెండో గ్లాసు నింపుకున్నాడు.

బాబాయి ఫోన్

ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక ఫిల్టర్ కథ. ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టడంవల్ల ఇంకో కథ మొదలైంది. బీరు సంగతి దాచి, 'నేను చేసిన వాటర్ ఫిల్టర్' అని మాత్రం రాశా. ఆదివారం పొద్దున్నే బాబాయి ఫోన్.

"గదేందిరా, నీళ్ల ఫిల్టరా? ఎంతయింది?"

"54 డాలర్లు బాబాయ్. మన లెక్కల నాలుగున్నర వేలు."

"గంతేనా! నాకొకటి పంపియ్యి. బాయికాడ పెట్టుకుంట. కూలోళ్లు గూడ గవే బోరు నీళ్లు తాగుతరు."

"సరే బాబాయ్, పంపిస్తా" అన్నా. గర్వంగానే అన్నా. ఫోన్ పెట్టేసి హౌసింగ్, నాలుగు క్యాండిళ్లు కార్ట్‌లో వేశా.

మా ఊరు నల్లగొండ జిల్లాలో, మునుగోడు వైపు. ఇంట్లోకి ఇప్పుడు నల్లా ద్వారా కృష్ణా నీళ్లొస్తాయి. నా చిన్నప్పుడు రాలేదు. అందరం బోరు నీళ్లే తాగాం. మా నాయనమ్మకు నడుము వంగిపోయింది. మెడ తిరిగేది కాదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే, గోడ పట్టుకుని మనిషి మొత్తం తిరిగేది. పిల్లలం అది ఆమె తీరు అనుకున్నాం. ఫ్లోరైడ్ అని ఒక పదం ఉందని, అది ఎముకల్లో పేరుకుని కీళ్లను కదలనివ్వదని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.

ఆర్డర్ నొక్కబోయేముందు, అలవాటు కొద్దీ క్యాండిల్ అట్టమీద రాసింది చదివా. తగ్గించేవి: క్లోరిన్, రుచి, వాసన, మట్టి. అంతే. ఫ్లోరైడ్ పేరు లేదు. ఎందుకుంటుంది? మామూలు బొగ్గు ఫ్లోరైడ్‌ను దాదాపు ముట్టుకోదు. నా ఇంటి నీళ్ల రిపోర్టులోనే ఫ్లోరైడ్ 0.7 మిల్లీగ్రాములని ఉంది. ఇక్కడ పళ్లకు మంచిదని ఆ మోతాదుకు సరిచేస్తారు. అది నా ఫిల్టర్‌లోంచి అలాగే దాటి నా కాఫీలోకి వస్తోంది. ఇక్కడ దానితో ఇబ్బంది లేదు. బాయికాడ ఉంది.

నేను పంపి ఉంటే ఏమయ్యేది? నీళ్లు ఇంకా తేటగా వచ్చేవి. రుచి బాగుండేది. అమెరికానుంచి కొడుకు పంపిన ఫిల్టర్ అని బాబాయి పక్క పొలంవాళ్లక్కూడా పట్టేవాడు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఉన్న కాస్త అనుమానాన్ని కూడా నేనే తీసేసేవాణ్ణి. బీరు పాడైతే పారబోసి ఇంకోటి కాచుకోవచ్చు. ఎముకలకు రెండో బ్యాచ్ ఉండదు.

ఆ రాత్రి కూర్చుని చదివా. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన భారతీయ ప్రమాణం 1 ఉండాలంటుంది, వేరే దారి లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ చిక్కబడుతుంది. దాన్ని తీయడానికి ఆర్వో ఉంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది. ఇంకోటి కూడా ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్కప్రకారం నీళ్లలో కలిపి, తిప్పి, తేరుకున్నాక వడగట్టే పద్ధతి. నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరుతోనే ఉంది. నల్లగొండలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, ఆ పేరు నేను మొదటిసారి చూసింది టెక్సాస్‌లో, బీరు ఫిల్టర్ పుణ్యమా అని.

మర్నాడు బాబాయికి ఫోన్ చేశా.

"బాబాయ్, ఆ ఫిల్టర్ పంపను."

"ఎందుకురా? పైసలు నేనిస్త గద."

"పైసల గురించి కాదు. అది మన నీళ్లకు పనిజెయ్యదు. ఫ్లోరైడ్ పోదు దాంతోటి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అమ్మ గూడ నీళ్లు తేటగున్నయనే తాగింది రా."

ఆ వారమే సీసాలో బోరు నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో పరీక్ష చేయించాడు. లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. కాగితం ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఇప్పుడు ఇంట్లో నల్లా నీళ్లు 20 లీటర్ల క్యాన్లలో పట్టి, బండిమీద రోజూ పొలానికి తీసుకెళ్తున్నాడు. తనకూ, కూలీలకూ. బోరు నీళ్లు పంటకే. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు, రెండు క్యాన్లు, ఒక మోటార్‌సైకిల్. నేను పంపబోయినదానికన్నా ఇది నూరుపాళ్లు నయం.

'వాటర్ ఫిల్టర్' అని మనం ఒకే మాట వాడతాం. నిజానికి అలాంటి వస్తువు ఒకటి లేదు. క్లోరిన్‌కో ఫిల్టర్, మట్టికో ఫిల్టర్, ఫ్లోరైడ్‌కో ఫిల్టర్. ఏది కొనాలన్నది షాపువాడు చెప్పడు, రేటింగ్ స్టార్లు చెప్పవు, మీ నీళ్లే చెప్పాలి. కాబట్టి ఈ పండక్కి ఆఫర్లో ప్యూరిఫయర్ కొనేముందు, ఒక సీసాలో మీ ఇంటి నీళ్లు పట్టి దగ్గర్లోని నీటి పరీక్ష ల్యాబుకు పట్టుకెళ్లండి. ఊళ్లో బోరు ఉంటే ముందు ఆ సీసా పట్టండి. వచ్చిన కాగితంలో అన్ని గడులూ చూడండి.

నేనైతే ఒక్క గడే చూసి మూడు బ్యాచులు పారబోశా.